థ్యాంక్స్‌గివింగ్‌కి రాని దాయాది

మా టెక్సస్ ఏ అండ్ ఎంలో పాత విద్యార్థుల్ని 'అలమ్నై' అనరు, 'ఫార్మర్ స్టూడెంట్స్' అంటారు. ఈ సంచికకి రాయమనగానే నాకు గుర్తొచ్చింది ల్యాబూ కాదు, థీసిసూ కాదు. 2011 నవంబర్ 24, థ్యాంక్స్‌గివింగ్ పండగ రాత్రి.

ఎంఎస్‌కి వచ్చి అప్పటికి మూడు నెలలు. అమెరికన్ ఫుట్‌బాల్లో ఒక్క ముక్క తెలియదు. మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో విద్యార్థులు ఆట అయ్యేదాకా కూర్చోరు కాబట్టి నేనూ కాళ్ళు పీకుతున్నా నిలబడ్డాను. ఎదుట ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ జట్టు. వాళ్ళ యూనివర్సిటీ పేరు కూడా మావాళ్ళు సరిగ్గా పలకరు, 'టీయూ' అంటారు, రాసేటప్పుడు చిన్న అక్షరాల్లో రాస్తారు. చివరి క్షణంలో వాళ్ళ జస్టిన్ టక్కర్ 40 గజాల నుంచి తన్నిన బంతితో 27-25 తేడాతో ఓడిపోయాం. 1894లో మొదలైన ఆ పోరులో అది 118వ ఆట. మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

టెక్సస్ వాళ్ళు ఈఎస్‌పీఎన్‌తో కలిసి సొంత చానల్ పెట్టుకున్నారు. 20 ఏళ్ళకి 30 కోట్ల డాలర్లు. మనవాళ్ళకి కడుపు మండింది. రెండు జట్లూ కలిసి ఆడే బిగ్ 12 లీగ్‌ని వదిలేసి 2012 జులైలో సౌత్ కరోలినా దాకా జట్లున్న ఎస్ఈసీ అనే లీగ్‌లో చేరారు.

యూనివర్సిటీ పక్క ఊరు బ్రయన్‌లో మా ఇంటి ఓనర్ పెద్దాయనకి ఇది అస్సలు మింగుడు పడలేదు. "ఆస్టిన్ వందమైళ్ళు. సౌత్ కరోలినాకి ఎవడు పోతాడు?" అని గొణిగేవాడు. ఆ నవంబర్లో నంబర్ వన్ అలబామాని వాళ్ళ ఊళ్ళోనే 29-24తో కొట్టినప్పుడు మాత్రం నన్ను పట్టుకుని గంతులేశాడు. రెండు వారాల తర్వాత థ్యాంక్స్‌గివింగ్ రోజు ఆటే లేదు, శనివారం మిజోరితో ఆడి గెలిచాం. ఆయన టీవీ ముందు కునుకు తీశాడు.

పేరొచ్చింది, డబ్బొచ్చింది. కైల్ ఫీల్డ్‌ని లక్ష మందికి పైగా పట్టేలా పెంచారు, అదీ నిండింది. అభిమానం తగ్గిందని ఎవరూ అనలేరు. తిట్టుకోవడానికే సరైన మనిషి లేడు. 2014 నుంచి సౌత్ కరోలినాతో ఏటా ఆడించారు. టెక్సస్ స్వాతంత్ర్య పోరాటంలో అలామో కోటలో చనిపోయిన బోనం పేరున ట్రోఫీ కూడా పెట్టారు. ట్రోఫీ ఇస్తే పగ పుడుతుందా? యూనివర్సిటీ పాటలో మాత్రం ఆస్టిన్ వాళ్ళ మీద చరణం అలాగే ఉండిపోయింది. లూసియానా జట్టు ఎల్ఎస్‌యూ ఆడటానికి వచ్చినా అదే పాడేవాళ్ళం.

2024లో టెక్సస్ కూడా ఎస్ఈసీకి వచ్చేసింది. వేరు కాపురం పెట్టుకున్న ఇంటికే దాయాది దిగాడన్నమాట. నవంబర్ 30న కైల్ ఫీల్డ్‌లో 17-7తో మళ్ళీ ఓడిపోయాం. ఆట కాగానే డాలస్ నుంచి పెద్దాయనకి ఫోన్ చేశాను. కోచ్‌నీ, రెఫరీలనీ, ఆస్టిన్ నగరాన్నీ, అక్కడి ట్రాఫిక్‌నీ కలిపి నలభై నిమిషాలు తిట్టాడు. అన్నేళ్ళలో ఎన్నిసార్లు ఓడినా ఆయన గొంతులో ఆ హుషారు నేను వినలేదు.