కర్త ఎక్కడ?

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడోసారి ఫోన్ చేశారు. వార్షికోత్సవాల గురించీ నాటకం గురించీ మిగతావాళ్లు రాస్తారు. ఎనిమిదో తరగతి నాకసలు గుర్తే లేదు. గుర్తున్నదల్లా తొమ్మిది ‘బి’, తెలుగు మాస్టారు, ఆ కిటికీ అద్దం.

‘మామయ్య డాక్టరుగారు వచ్చారు. ఎన్ని కుర్చీలు వెయ్యాలి?’ అని బోర్డు మీద రాసిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. క్లాసంతా ఒకటంటే, మనం ‘అరసున్న’ అని పిలిచేవాడు ఒక్కడే రెండన్నాడు. మాస్టారు ‘మామయ్య’ పక్కన కామా పెట్టి రెండో కుర్చీ వేశారు. గౌరవానికీ బహువచనానికీ మనకున్నది ఒకటే ‘వచ్చారు’ కదా, అక్కడ ఆ చిన్న గీతే దిక్కు. అలాగని కామాలు చల్లితే ఊరుకునేవారు కాదు. తాటాకుల మీద రాసినవాళ్లు పదాల మధ్య ఖాళీ కూడా వదల్లేదు, ఈ గుర్తులన్నీ అచ్చుతో పాటు వచ్చి స్థిరపడ్డాయి. ‘వచ్చి’ అనగానే ఇంకా ఉందని, ‘వచ్చాడు’ అనగానే అయిపోయిందని చెవికే తెలుస్తుంది. అసమాపక క్రియే మన పాత కామా అనేవారు.

ఇక అద్దం. బంతి ఎవరిదో మీకు తెలుసు, విసిరింది నేను. క్షమాపణ పత్రంలో ‘ఆటలో అద్దం పగిలింది, క్షమించగలరు’ అని రాశాను. ఒక్క అక్షరదోషం లేదు. మాస్టారు ‘పగిలింది’ కింద గీత గీసి ‘కర్త ఎక్కడ?’ అని తిప్పి పంపారు. ‘నావల్ల పగిలింది’ అని మార్చాను. ‘ఇంకా అద్దమే కర్త’ అన్నారు. పగలడం అకర్మకం, దానికి చేసినవాడితో పని లేదు. పగలగొట్టడం సకర్మకం, చేసినవాడు బయటికి రావాల్సిందే. ఆ ఒక్క మాట రాయడానికి నాకు పూటంతా పట్టింది. ‘నేను’ అని రాయలేక ‘అద్దం పగలగొట్టాను’ అని మాత్రం రాసి ఇచ్చాను. ఆయన చివరి అక్షరం మీద వేలు పెట్టి, ‘ఈ “ను”లో నువ్వున్నావు, చాలు’ అన్నారు. నేను మర్చిపోయిన ఫుల్‌స్టాప్ తన పెన్నుతో పెట్టారు. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రసక్తి ఎత్తలేదు.

ఇప్పుడు మా ఆఫీసు నుంచి జనానికి వెళ్లే ఉత్తరాలన్నీ నా సంతకంతోనే వెళ్తాయి. కొత్తగా చేరినవాళ్లు ‘జాప్యం జరిగినందుకు చింతిస్తున్నాము’ అని డ్రాఫ్ట్ తెస్తారు. ‘జరిగినందుకు’ కింద గీత గీస్తాను. ‘ఆలస్యం చేశాం’ అని దిద్దుకొచ్చాకే సంతకం పెడతాను. పైవాళ్లు రెండుసార్లు అభ్యంతరం చెప్పారు. నేను మార్చలేదు. ఆ ఉత్తరాలు అందుకున్నవాళ్లు కొందరు ఫోన్ చేసి, ఇలా ఒప్పుకున్న ఆఫీసును చూడలేదన్నారు. నాకొచ్చిన ప్రమోషన్ల కన్నా ఆ ఫోన్లే ఎక్కువ గుర్తు.

ఆహ్వానంలో ‘ముఖ్య అతిథి మన తెలుగు మాస్టారు వస్తున్నారు’ అని ఉంది. మధ్యలో కామా లేదు. ముందు వరసలో ఆ ఒక్క కుర్చీ నేను వేస్తాను.