పావు కిలో రవ్వ చాలు అనుకున్నప్పుడు

పోయిన వానాకాలంలో వంటింటి అల్మారా సర్దుతుంటే బొంబాయి రవ్వలో పురుగులు కనిపించాయి. మినప్పప్పు డబ్బా మూత తీస్తే అందులోనూ అవే. ఇవన్నీ సూపర్ మార్కెట్‌లో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని తెచ్చినవే. ఇంట్లో ఉండేది ముగ్గురం, అర కిలో రవ్వతో నెల గడిచిపోతుంది, అయినా రెండు కిలోలు తెచ్చానంటే అక్కడ ఉన్న ప్యాకెట్లు అవే కాబట్టి. అదంతా పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఆ తర్వాత మా వీధి చివర కిరాణా కొట్టుకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో ఇంకా ఇలాంటి కొట్లు ప్రతి కాలనీలో ఉన్నాయి, మనమే వాటి ముందు నుంచి కారులో వెళ్లిపోతున్నాం. "అన్నా, పావు కిలో రవ్వ, వంద గ్రాముల ఆవాలు, ఇరవై రూపాయల ఎండు కొబ్బరి" అంటే అంతే తూచి ఇస్తాడు. ఎంత కొనాలో నేనే చెప్తాను. నాకైతే ఇదే పెద్ద విషయం. పక్క సందులో తాపీ పనికి వెళ్లేవాళ్లకి ఇంకా పెద్ద విషయం, సాయంత్రం కూలి డబ్బులు చేతికొచ్చాక ఆ పూటకి కావలసిన పప్పు, ఉప్పు, చింతపండు కొనుక్కుని వెళ్తారు, వాళ్లకి కిలో ప్యాకెట్లు ఎవరు అమ్మాలి, వాళ్లెక్కడ కొనాలి?

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 2022 జులై 18 నుంచి ప్యాకెట్ కట్టి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి 25 కిలోలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే 5 శాతం జీఎస్టీ ఉంది. బస్తాలోంచి తూచి లూజుగా ఇస్తే లేదు. బియ్యం బస్తాలు 26 కిలోలవి ఎక్కడ చూసినా కనపడటానికి కారణం కూడా ఇదే.

పోయిన సంక్రాంతి తర్వాత బియ్యం అడిగితే కొట్టాయన ఇవ్వలేదు. "ఇవి కొత్తవి అక్కా, అన్నం ముద్దవుతుంది, పాత బస్తా రేపు దిగుతుంది, అప్పుడు తీసుకోండి" అన్నాడు. చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని అలా చెప్పడం నాకు ఎంతో నచ్చింది. సూపర్ మార్కెట్ షెల్ఫ్‌లో ఏ బస్తా కొత్తదో నాకు ఎవరు చెప్తారు? లాక్‌డౌన్‌లో మా ఆయనకి సగం జీతమే వచ్చిన రెండు నెలలూ ఈయనే ఖాతా పుస్తకంలో రాసుకుని సరుకులు ఇచ్చాడు, ఒక్కసారి కూడా ఎప్పుడిస్తారని అడగలేదు.

అన్నీ అక్కడే కొనమని నేను అనను. సబ్బులు, డిటర్జెంట్, బ్రాండెడ్ బిస్కెట్లు కొట్లో ఎమ్మార్పీకే వస్తాయి, పెద్ద షాపుల్లో తగ్గింపు ఉంటుంది, అవి అక్కడే తెచ్చుకుంటాను. వేరే కొట్లో ఒకసారి డేటు దాటిన బ్రెడ్ చేతిలో పెట్టారు కాబట్టి ప్యాకెట్ వస్తువు ఎక్కడ కొన్నా తేదీ చూసుకోవాల్సిందే. కూరగాయలకి మాత్రం ఆదివారం పొద్దున్నే మెహిదీపట్నం రైతు బజార్‌కి వెళ్తాం. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లలో ధరల బోర్డు చూసుకుని కొనొచ్చు, తోటకూర కట్ట ఇంటికొచ్చేదాకా వాడకుండా ఉంటుంది.

మొన్న కొట్టాయన చెప్పాడు, వాళ్లబ్బాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందట, కొట్టు ఇంకో రెండేళ్లు నడిపి ఊరెళ్లిపోతానన్నాడు. అబ్బాయి స్థిరపడినందుకు సంతోషంగానే ఉంది. కానీ ఇంటికి నడిచొస్తూ దారి పొడుగునా ఆ రెండేళ్ల గురించే ఆలోచించాను. ఈ నెల సరుకుల చీటీ రాసేశాను, పిండివంటలకి బెల్లం కూడా కలిపాను, సాయంత్రం పాపని తీసుకుని వెళ్తాను, త్రాసు ముల్లు ఎలా చూడాలో తనకి ఆయన చేతే చెప్పించాలి.