గనియారి దారిలో పాండవాని

భారత కథను పాడుతూ, అభినయిస్తూ చెప్పే ఛత్తీస్‌గఢ్ జానపద కళ పాండవాని. ఆ కళలో పేరు మోసిన తీజన్ బాయి పుట్టిన ఊరు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. విశాఖలో రైలెక్కి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా భిలాయిలో దిగాను. స్టీల్ ప్లాంటు పుణ్యమా అని అక్కడ మనవాళ్లకు కొదవ లేదు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గరే తెలుగు వినిపించింది. ఆమె ఊరు గనియారి అక్కడికి సుమారు 14 కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకున్నాను.

దారి పొడవునా వరి మళ్లే. ఊళ్లో నడుస్తున్నంతసేపూ ఆమె జీవితమే కళ్లముందు మెదిలింది. తీజన్ 1956లో పార్ధీ తెగ కుటుంబంలో పుట్టారు. తల్లి వైపు తాత బ్రిజ్‌లాల్ భారతం పాడుతుంటే వినీ వినీ కథంతా నోటికి పట్టేశారు. పదమూడేళ్లకే పక్క ఊరు చంద్రఖురిలో తొలి ప్రదర్శన ఇచ్చారు. చేతికి 10 రూపాయలొచ్చాయి. అప్పట్లో పాండవానిని ఆడవాళ్లు కూర్చునే పాడాలి. దాన్ని వేదమతి అంటారు. లేచి నిలబడి, అభినయిస్తూ చెప్పే కాపాలిక్ శైలి మగవాళ్లది. ఆమె లేచి నిలబడ్డారు. కులం వెలేసింది. ఒంటరిగా గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి గిన్నెలు, తిండి అడిగి తెచ్చుకుంటూ కూడా పాట మాత్రం మానలేదు. నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ కంట పడ్డాక ఆమె పేరు దేశమంతా తెలిసింది. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఆ రాత్రి దగ్గర్లోని ఊళ్లో ఒక యువ కళాకారిణి దుశ్శాసన వధ చెబుతోందని తెలిసి వెళ్లాను. ఒక చేతిలో నెమలి ఈకలు కట్టిన తంబూరా, మరో చేతిలో చిడతల్లాంటి కర్తాళ్. వెనక హార్మోనియం, తబలా. భీముడి వంతు రాగానే తంబూరా భుజం మీదికెక్కి గద అయింది. మరుక్షణం దాన్ని చెంప పక్కకు వాల్చి వేళ్లతో నిమిరింది. అది ద్రౌపది విరబోసుకున్న జుట్టు! ఛత్తీస్‌గఢీ నాకు సగం కూడా అర్థం కాలేదు, అయినా ఒళ్లు గగుర్పొడిచింది. పక్కన ఉండే సహగాయకుణ్ని ‘రాగి’ అంటారు. అతను ప్రతి మాటకూ ఊ కొడుతూ, మధ్యలో ప్రశ్నలేస్తూ కథను ముందుకు తోస్తాడు. మన బుర్రకథలో వంతల పనీ అదే కదా. పొన్నెకల్లు నాజర్ గారి తంబూరా గుర్తొచ్చింది. అదీ భుజం మీదిదే.

ఇలాంటివాళ్లను జానపద గాయకులని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. తెర లేదు, వేషం మార్చుకునే వీల్లేదు. కౌరవ సభ మొత్తాన్నీ ఒక్క మనిషి నిలబెట్టాలి. ఇది నటన కాకపోతే మరేది నటన?

ప్రదర్శన అయ్యాక ఆ అమ్మాయిని పలకరించాను. తీజన్ బాయి ఆట చూసే ఈ దారిలోకొచ్చానంది. "రేపు ఇంకో ఊళ్లో కర్ణ వధ చెబుతున్నా, రండి" అని పిలిచింది. తిరుగు టికెట్ క్యాన్సిల్ చేసుకుని వెళ్లాను.