పికప్ బండిలో సరుకు కట్టే తీరు

బరువైన సామాను తనంతట తానే కదలకుండా ఉంటుందని చాలామంది నమ్ముతారు. కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ బరువే ముందుకు తోసుకువస్తుంది. ఐరోపా ప్రమాణాల ప్రకారం, సరుకు బరువులో 80 శాతం మేరకు ముందుకు, 50 శాతం మేరకు పక్కలకూ వెనక్కూ వచ్చే ఒత్తిడిని కట్టు తట్టుకోవాలి. అందుకే బీరువా, ఫ్రిజ్ వంటివాటిని క్యాబిన్ వైపు గోడకు ఖాళీ లేకుండా ఆనించి, ఆ తరువాతే తాడు అందుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ముడి జారుతుంది. పళ్ళచక్రం ఉన్న మీటతో బిగించే పట్టీ, అంటే రాచెట్ బెల్టు, అంతకన్నా ఎంతో నమ్మదగినది. అయితే పదునైన ఇనుప అంచుమీద బెల్టు నేరుగా ఒరుసుకుంటే తెగిపోతుంది కనుక, మధ్యలో మడిచిన గోనెసంచి పెట్టాలి. కొంత దూరం వెళ్ళాక సామాను సర్దుకుని బెల్టు వదులవుతుంది. ఆగి మళ్ళీ బిగించాలి. టార్పాలిన్ వానను ఆపుతుంది, బరువును కాదు.

ఇనుప చువ్వలు వెనక్కి పొడుచుకువచ్చేలా తీసుకుపోవడం నన్ను అన్నిటికంటే కలవరపెడుతుంది, ఎందుకంటే వెనక వచ్చే ద్విచక్ర వాహనదారుడికి చీకట్లో వాటి కొనలు కనిపించవు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం, సరుకు అనుమతించిన హద్దు దాటి బయటికి వస్తే 20,000 రూపాయల జరిమానా విధిస్తోంది. పొడవైన చువ్వలకు పొడవైన బండినే మాట్లాడుకోవాలి.