ఎలుగుబంటికి ఏ ములికి? ముందు విల్లు లెక్క చూసుకోండి

అమెరికా, కెనడాల్లో ఉంటూ రీకర్వ్, లాంగ్‌బో లాంటి సంప్రదాయ (చక్రాలు లేని) విల్లు పట్టిన మన పాలమూరు, నల్లగొండ పిల్లలు వేట సీజన్ దగ్గర పడగానే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నల్ల ఎలుగుకు ఏ ములికి కొనాలె?" ములికి అంటే బాణం కొసన బిగించే బ్లేడుల మొన, ఇంగ్లీషులో బ్రాడ్‌హెడ్. అక్కడి దుకాణాల్లో గోడ నిండా వేలాడుతుంటాయి. రెండు బ్లేడులవి, మూడు బ్లేడులవి, నాలుగు బ్లేడులవి, తగలగానే విచ్చుకునేవి. చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ ములికి చివర్లో తేల్చుకోవాల్సిన విషయం. ముందు విల్లు, తర్వాత బాణం మొత్తం బరువు, ఆ తర్వాతే ములికి. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైనది కొన్నా జంతువు గాయంతో పారిపోతుంది. అంతకంటే పాపం వేటలో లేదు.

ఇక్కడి సంగతి ముందే చెప్పేస్తాను. ఇది నల్లమలలో వాడే విద్య కాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులోనైనా, బయటి గుట్టల్లోనైనా తిరిగే మన గుడ్డెలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, గాయపరచడం, అందుకు ప్రయత్నించడం కూడా ఆ చట్టం ప్రకారం వేటే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. అడవి మీద చెంచులకు హక్కులిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కును మాత్రం మినహాయించింది. కాబట్టి ఇక్కడివాళ్లకు కింద రాసిందంతా గడ్డి మోపు మీద, ఫోమ్ టార్గెట్ మీద బాణం వేయడానికి పనికొచ్చే లెక్క. వేట లైసెన్సు, సీజన్ ఉన్న దేశంలో ఉన్నవాళ్లకు వేటకు కూడా అదే లెక్క.

విల్లు మీద రాసి ఉన్న పౌండ్లు మీ చేతికి వచ్చే పౌండ్లు కావు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. "50 పౌండ్లు" అని ఉంటే, తాడును 28 అంగుళాల దాకా లాగినప్పుడు 50 అని అర్థం. మనవాళ్లలో చాలామంది లాగగలిగేది 26, 27 అంగుళాలే. ఒక్కో అంగుళం తగ్గితే రెండున్నర నుంచి మూడు పౌండ్లు పోతాయి. అంటే 45 రాసి ఉన్న విల్లు 26 అంగుళాల మనిషి చేతిలో 40కి కాస్త అటూ ఇటూ. అలాస్కాలో నల్ల ఎలుగుకు కనీసం 40 పౌండ్లు, గోధుమ ఎలుగుకు కనీసం 50 పౌండ్ల విల్లు ఉండాలని నియమం. రాష్ట్రాన్ని బట్టి ఇది మారుతుంది, వెళ్లే ముందు అక్కడి నియమావళి చదవాల్సిందే. నా దృష్టిలో నల్ల ఎలుగుకు నిజంగా చేతికి అందే బలం 45 పౌండ్లకు తగ్గకూడదు. అలాగని లాగలేని 60 పౌండ్ల విల్లు తెచ్చుకుని చెయ్యి వణుకుతూ వేయడం ఇంకా చెడ్డది. చేతి త్రాసుకు కొక్కెం తగిలించి, మీరు లాగగలిగే పొడవు దాకా తాడును లాగి చూస్తే ఎవరి లెక్క వాళ్లకు తేలిపోతుంది.

బాణం బరువు గ్రెయిన్లలో చూస్తారు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. సంప్రదాయ విల్లుకు పౌండుకు 9 నుంచి 10 గ్రెయిన్లు మామూలు. ఎలుగు లాంటి బరువైన జంతువుకైతే పౌండుకు 11, 12 దాకా పోవడం మంచిది.

ఉదాహరణకు 50 పౌండ్ల విల్లు, 27 అంగుళాల లాగుడు తీసుకోండి. చేతికి వచ్చేది సుమారు 47 పౌండ్లు. బాణం 28 అంగుళాల కార్బన్ కాడ, అంగుళానికి 9 గ్రెయిన్లు, అంటే కాడ 252. వెనక నాక్ (తాడుకు తగిలించే గాడి ముక్క) 10, ఈకలు 12. ముందు అల్యూమినియం ఇన్సర్ట్ (ములికి బిగించడానికి కాడలో అతికించే ముక్క) 15, ములికి 125 వేస్తే మొత్తం 414 గ్రెయిన్లు, సుమారు 27 గ్రాములు. పౌండుకు తొమ్మిది కూడా రాలేదు. అదే కాడకు 100 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్, 200 గ్రెయిన్ల ములికి పెడితే మొత్తం 574 అవుతుంది, 37 గ్రాములు. పౌండుకు పన్నెండు దాటింది. వేగం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ సంప్రదాయ విల్లుతో ఎలుగును కొట్టేది 15 గజాల నుంచి, మహా అయితే 20 గజాల నుంచి. అంత దగ్గరలో వేగం కంటే, తగిలాక ఆగకుండా లోపలికి తోసుకుపోయే ఊపు ముఖ్యం. విల్లు కూడా బరువైన బాణంతో తక్కువ చప్పుడు చేస్తుంది, చేతికి అదురు తగ్గుతుంది.

బరువు ముందుకు జరగడం వల్ల ఇంకో లాభం ఉంది. బాణాన్ని వేలి మీద నిలబెట్టి, తూగిన చోటు నాక్ గాడి నుంచి ఎంత దూరంలో ఉందో కొలవండి. అందులోంచి బాణం పొడవులో సగం తీసేసి, వచ్చినదాన్ని మొత్తం పొడవుతో భాగించి 100తో గుణించండి. పై మొదటి బాణానికి ఇది 15 శాతం దగ్గర, రెండోదానికి 25 శాతం దగ్గర వస్తుంది. ముందు బరువు ఎక్కువున్న బాణం తొందరగా సర్దుకుని నేరుగా పోతుంది, ఎముక తగిలినా తోక పక్కకు తిరగదు.

అయితే ముందు బరువు పెంచితే కాడ మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. తాడు తోసినప్పుడు ఎక్కువ వంగుతుంది. కార్బన్ కాడల మీద 500, 400, 340 అని ఉండే అంకె కాడ వంగే కొలత. 28 అంగుళాల దూరంలో ఆధారాలు పెట్టి మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే కాడ అంగుళంలో వెయ్యో వంతుల్లో ఎంత దిగిందో అది చెబుతుంది. అంకె చిన్నదైతే కాడ గట్టిది. 125 గ్రెయిన్ల ములికికి 500 కాడ సరిపోయిన విల్లుకే, ముందు 300 గ్రెయిన్లు పెడితే 400 కాడ కావాల్సి రావచ్చు. దీన్ని తేల్చేది ఈకల్లేని బాణం. అదే బరువు ఫీల్డ్ పాయింట్ (సాధనకు వాడే, బ్లేడుల్లేని మామూలు మొన) పెట్టి ఈకలున్నవి మూడు, లేనివి రెండు 15 గజాల నుంచి వేయండి. కుడిచేతి వాటం మనిషికి ఈకల్లేనివి కుడికి పడితే కాడ మెత్తన, ఎడమకు పడితే గట్టిది. మెత్తగా ఉంటే కాడను పావు అంగుళం చొప్పున కోస్తూ రావాలి. ఒకేసారి అంగుళం కోస్తే అతికించే దారి లేదు.

ఎలుగు దగ్గర ఇంత లెక్క ఎందుకంటే దాని ఒళ్లు జింక ఒళ్లు లాంటిది కాదు. పైన దట్టమైన బొచ్చు, కింద కొవ్వు. ఆకురాలే కాలంలో చలినిద్రకు ముందు ఆ కొవ్వు మరీ మందంగా ఉంటుంది. చిన్న రంధ్రం పడితే కొవ్వు దాన్ని పూడ్చేస్తుంది, కారిన రక్తాన్ని బొచ్చు పీల్చుకుంటుంది. నేల మీద జాడ దొరకదు. పాదం మెత్తన కాబట్టి గిట్టల గుర్తులూ ఉండవు. కాబట్టి బాణం ఒకవైపు దూరి రెండోవైపు బయటికి రావాలి, వచ్చే రంధ్రం కిందికి ఉండాలి. చెట్టు మీద మంచె కట్టుకుని కొట్టేవాళ్లకు ఇది ఇంకా అవసరం. పైన దూరి లోపలే ఆగిపోయిన బాణం రక్తాన్ని ఛాతీలోనే ఉంచేస్తుంది. బొచ్చు వేలాడటం వల్ల పొట్ట గీత ఉన్నదానికంటే కిందికి కనబడుతుంది, గురి కిందికి పెట్టినవాడి బాణం బొచ్చులోంచి పోతుంది. జంతువు పక్కకు నిలబడి ఉండాలి, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉండాలి, మన వైపు ముంగాలు ముందుకు పడాలి. అంతదాకా వేలు వదలొద్దు. ఎదురుగా ఉన్న ఎలుగును సంప్రదాయ విల్లుతో ఎప్పుడూ కొట్టొద్దు.

ఇప్పుడు ములికి రకాలు. తగలగానే విచ్చుకునేవాటిని ముందే పక్కన పెట్టేయండి. బ్లేడులు తెరవడానికి బాణం బలంలో కొంత ఖర్చవుతుంది. చక్రాలుండే కాంపౌండ్ విల్లు ఆ ఖర్చు భరిస్తుంది, 47 పౌండ్ల రీకర్వ్ భరించలేదు. మొన దగ్గర్నుంచే కోసుకుంటూ పోయే రెండు బ్లేడుల ములికే నా ఎంపిక. పొడవు వెడల్పుకు మూడింతలుంటే మేలు, లోపలికి జారడం తేలిక. వెడల్పు చాలా రాష్ట్రాల్లో కనీసం 7/8 అంగుళం ఉండాలంటారు. 1 నుంచి 1-1/8 అంగుళాలు సరిపోతుంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పు చూసి మోజు పడకండి, ఈ బలం విల్లుతో అది సగంలో ఆగుతుంది.

మూడు బ్లేడులవి పనికిరావని కాదు. 55 పౌండ్లు పైన తేలిగ్గా లాగేవాళ్లకు అవి బాగుంటాయి, రంధ్రం మూసుకోదు. పదును పెట్టడం కూడా తేలిక, ఆకురాయి మీద రెండు బ్లేడులను బల్లపరుపుగా ఆనించి రుద్దితే చాలు, కోణం దానంతటదే వస్తుంది. రెండు బ్లేడుల ములికికి అడ్డంగా చిన్న బ్లేడు దూర్చే పద్ధతి అమెరికా విలువేటగాడు ఫ్రెడ్ బేర్ తెచ్చిన రేజర్‌హెడ్ ములికిలో ఉండేది. బలం తక్కువుంటే ఆ చిన్న బ్లేడు తీసేసి వాడుకోవచ్చు.

ఒకవైపే వాలు ఉన్న ములికి గురించి చాలామంది అడుగుతారు. బ్లేడు ఒక్క పక్కే చెక్కి ఉండటం వల్ల లోపలికి పోతూ తిరుగుతుంది, పక్కటెముక తగిలితే చీలుస్తుంది. వేట బాణాల మీద పరిశోధన చేసిన ఎడ్ ఆష్బీ 1980లలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో చేసిన పరీక్షల తర్వాత వీటికి పేరొచ్చింది. ఆయన అన్నిటికంటే ముందు పెట్టింది మాత్రం వాలును కాదు, బాణం విరక్కుండా, వంగకుండా నిలవడాన్ని. ఒకవైపు వాలు కొంటే ఈకలతో జత చూసుకోండి. కుడి వాలుకు పక్షి కుడి రెక్క ఈకలు, ఎడమ వాలుకు ఎడమ రెక్క ఈకలు. కలగలిపితే గాలిలో ఒకవైపు తిరిగిన బాణం, తగిలాక ఆగి రెండోవైపు తిరగాల్సి వస్తుంది.

కొనేటప్పుడు మొన చూడండి. సూదిలా సన్నగా తేలిన మొన ఎముక తగిలితే ముడుచుకుంటుంది, అక్కడితో బాణం ఆగుతుంది. కొంచెం మొద్దుగా, ఉలి అంచులా తీర్చిన మొన మంచిది. ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 50 నుంచి 55 మధ్య ఉంటే ఆకురాయికి లొంగుతుంది, ఎముకకు లొంగదు. వెనక్కి కొక్కెంలా తిరిగిన ములుకులను చాలా రాష్ట్రాల్లో నిషేధించారు.

చెక్క కాడకైతే మొన వైపు 5 డిగ్రీల వాలు చెక్కి, వేడికి కరిగే జిగురుతో ములికి అతికిస్తారు. కార్బన్‌కు మర బిగింపు. ఏదైనా సరే, బిగించాక మొనను చెక్క మీద ఆనించి, కాడను రెండు వేళ్ల మధ్య బొంగరంలా తిప్పండి. ములికి కాడ కలిసే చోట కళ్లు పెట్టండి. అక్కడ ఏమాత్రం ఊగినా ఆ బాణం 20 గజాల్లో ఎటో పోతుంది, ఎందుకంటే వంకరగా కూర్చున్న బ్లేడు ముందు పెట్టిన రెక్కలా గాలిని పట్టుకుంటుంది. జిగురు వేడి చేసి, కొద్దిగా తిప్పి మళ్లీ అతికించండి. కార్బన్‌లో ఇన్సర్ట్ ముఖం వాలుగా ఉండి ఉంటుంది, సరిచేయండి. తర్వాత ఫీల్డ్ పాయింట్లతో పాటు వేసి చూడండి. రెండూ ఒకే చోట గుచ్చుకుంటేనే విల్లు, కాడ, ములికి కుదిరినట్టు.

పదును మీద మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. పెట్టెలోంచి తీసిన కొత్త ములికిలో చాలావాటికి వేటకు చాలేంత పదును ఉండదు. 10 అంగుళాల సన్న పళ్ల ఆకురాయి ఒకటి, సానరాయి ఒకటి, తోలు పట్టా ఒకటి ఉంటే చాలు. వాలు మీద మార్కర్‌తో నల్లరంగు పూయండి. రెండువైపుల వాలున్నదాన్ని ఒక్కో పక్క 20, 25 డిగ్రీల మధ్య పట్టుకుని, ఒకే దిక్కుకు తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, లేకపోతే ఆకురాయి పళ్లు పోతాయి. రంగు అంచు దాకా పోయిందా చూడండి. మధ్యలో పోయి అంచున మిగిలితే కోణం తక్కువగా పట్టారు. అంచు అవతలి వైపు గోరుకు తగిలే సన్నటి ఇనుప పొర లేచిందాకా రుద్ది, అప్పుడు తిప్పి రెండో పక్క అన్నే సార్లు రుద్దండి. ఆ పొర లేవకముందే తిప్పడం వల్లే చాలామందికి పదును రాదు. తర్వాత చేతి ఒత్తిడి తగ్గిస్తూ ఒక్కో పక్క నాలుగేసి సార్లు, రెండేసి సార్లు, చివరికి ఒక్కోసారి రుద్దండి. సానరాయి మీద అదే వరుస. చివరికి తోలు మీద అంచు వెనక్కి ఉండేలా లాగితే మిగిలిన పొర రాలిపోతుంది. రబ్బరు బ్యాండును వేళ్లకు వదులుగా తగిలించి, దాని మీద అంచు ఆనించండి. నొక్కకుండా తెగితే పదును ఉంది. జారితే మళ్లీ ఆకురాయి దగ్గరికి పోవాల్సిందే.

పదును పెట్టిన ములికికి వేజలైన్ పలచగా రాయండి, తేమలో ఒక్క రాత్రికే తుప్పు అంచును తినేస్తుంది. అంపపొదిలో బ్లేడులు ఒకదానికొకటి తగలకూడదు, పైన గట్టి మూత ఉండాలి. ఫోమ్‌లోకి వేసిన ములికిని మళ్లీ సాన పట్టకుండా వేటకు తీసుకుపోకండి. సాధనకు వేరేగా రెండు ఉంచుకోండి, వేటవి ముట్టుకోవద్దు. గడ్డి మోపుల మీద, గోనె సంచుల మీద బ్రాడ్‌హెడ్లు వేస్తే సంచి చిరుగుతుంది, తీసేటప్పుడు చెయ్యి తెగుతుంది. మన మైదానాల్లో 30 మీటర్ల, 50 మీటర్ల ఇండియన్ రౌండ్ ఆడేవాళ్లు మామూలు మొనలే వాడాలి. విమానంలో తెచ్చుకునేవాళ్లు ములికిలను గట్టి పెట్టెలో చుట్టి, చెక్-ఇన్ సామానులోనే పెట్టండి, చేతి సంచిలో ఒక్కటి ఉన్నా ఆపేస్తారు.