పాత మాసీ ఎరుపు డబ్బాలో దొరకదు

పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరుకు రంగు వేయాలని రంగుల షాపులో "మాసీ రెడ్" అంటే ఇచ్చేస్తారు. కొట్టి చూస్తే పాత మడ్‌గార్డు పక్కన బానెట్టు వేరే బండిదిలా కనిపిస్తుంది. డబ్బా మీద పేరు ఒకటే, షేడు మాత్రం కంపెనీకో రకం. అందుకే రంగును ముందు బండిలోనే వెతకాలి.

ఎండ తగలని చోట్లు చూడండి: బ్యాటరీ ట్రే కింద, డీజిల్ ట్యాంకును పట్టీ కరుచుకున్న చోట, మీటర్ బోర్డు వెనక, నేమ్‌ప్లేటు అడుగున. గ్రీజు కిరోసిన్‌తో తుడిచి, 1500 నంబరు వాటర్ పేపరుతో తడిగా మెల్లగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పెడితే అసలు రంగు బయటపడుతుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా మాత్రం గీకొద్దు. ఒకదాని మీద ఒకటి పొరలుంటే ప్రైమర్‌ను ఆనుకున్నదే ఫ్యాక్టరీ రంగు. ఇంగ్లండు నుంచి వచ్చిన తొలి 35 మోడల్ అయితే ఇక్కడే పొరబడతారు. 1956లో అది గ్రే బాడీ, బంగారు ఛాయ ఇంజనుతో వచ్చింది. ఎరుపు 1957లో మొదలైంది. కాబట్టి ఎరుపు కింద గ్రే కనిపించగానే ప్రైమర్ అనుకుని గీకేయకండి.

రంగును చదివి ఫార్ములా ఇచ్చే స్కానర్ ఉన్న షాపుకు వెళ్తే చదునైన, మెరుగుపెట్టిన ముక్క తీసుకెళ్లాలి. వంపు మీద పెడితే పక్క వెలుతురు దూరి రీడింగు తప్పుతుంది. సరిగ్గా తీసినా ఆ ఫార్ములా మొదటి మెట్టే. 100 గ్రాములు మాత్రమే కలిపి, స్టెయినర్‌ను (షేడు మార్చడానికి కలిపే చిక్కటి రంగును) గ్రాముల కాటా మీద తూచి వేయండి, ప్రతి మార్పూ రాసుకోండి. రంగు మరీ మెరుస్తోందని నలుపు వేస్తారు, అదే కొంప ముంచేది: ఎరుపు గోధుమకు తిరుగుతుంది, పసుపు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎరుపుకైతే చిటికెడు రెడ్ ఆక్సైడ్ స్టెయినర్ మేలు.

తడి రంగును నమ్మొద్దు. అదే ప్రైమర్ వేసిన పాత రేకు మీద, అదే స్ప్రే గన్‌తో, అన్నే కోటింగులు కొట్టి రాత్రంతా ఆరనివ్వాలి. తర్వాత నీడలో, ఎండలో, ట్యూబులైటు కింద పాత ముక్క పక్కన పెట్టి చూడాలి. ఒక వెలుతురులో కలిసి మరోదాంట్లో విడిపోతే పిగ్మెంట్లే వేరని అర్థం, స్టెయినర్ మార్చక తప్పదు. ఎరుపుకు కప్పే గుణం తక్కువ. ముదురు గ్రే ప్రైమర్ మీద పలచగా పడితే అంచులు నల్లగా కనిపిస్తాయి. పసుపుకైతే కింద తెలుపు ఉండాల్సిందే.

ఇక మన విశాఖ గాలి. గాజువాక ఆటోనగర్‌లో అయినా, అనకాపల్లి వైపు పాకలో అయినా రేకు మీద ఉప్పు పేరుకుంటుంది. ప్రైమర్‌కు ముందు మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టకపోతే కొన్నాళ్లకు బొబ్బలు లేస్తాయి. గాలిలో తేమ 85 శాతం దాటితే గన్ పక్కన పెట్టేయండి. త్వరగా ఆరే థిన్నర్‌తో కొడితే రేకు చల్లబడి తేమ దిగి రంగు మీద తెల్లటి పొగలాంటి మసక కమ్ముతుంది, అప్పుడు కష్టపడి కలిపిన షేడంతా వృథా. పీయూ (పాలీయురెథేన్) రంగు అయితే, అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్ తేమతో కలిసి బుడగలొస్తాయి. దానికి గుడ్డ మాస్కు చాలదు, కనీసం ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు అయినా పెట్టుకోవాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు పూర్తిగా ఆరాక పది నుంచి మూడింటి మధ్య కొట్టడం ఉత్తమం.

హార్డెనర్ కలపని రంగు పావు లీటరు మిగుల్చుకుని, చిన్న డబ్బాలో అంచుదాకా నింపి బిగించి, మూత మీద ఫార్ములా రాసి పెట్టండి. మడ్‌గార్డు మీద గీత పడితే ఆ ముక్క ఒక్కటే కాకుండా మడ్‌గార్డు మొత్తం కొట్టాలి.