పెద్దవూర తోటలో నాలుగు చాకులు

సాగర్ గేట్లు ఎత్తారని బావ ఫోన్ చేయగానే నేను ముందు సర్దుకున్నవి బట్టలు కాదు, చాకులు. పదేళ్లుగా మడత చాకులు సేకరిస్తున్నాను. ఈ పిచ్చి ఉన్నవాళ్లం ఎక్కడ కలిసినా తెగని వాదన ఒకటుంది: బ్లేడుకు ఏ పూత మంచిది? అద్దాల బీరువాలో అన్నీ మంచివే. తడి, పులుపు, దుమ్ము తగిలితేగాని అసలు సంగతి బయటపడదు. పెద్దవూర దగ్గర బావకు బత్తాయి తోట ఉంది. ఆగస్టు చివర కాయ కోతకొస్తుంది, గాలిలో చెమ్మ కూడా బాగా ఉంటుంది. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటి బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. అక్క పెట్టిన జొన్నరొట్టె తిని నేరుగా తోటకు పోయాను.

సంచిలో ఉన్నవి నాలుగు. మొదటిది ఓపినెల్ నంబర్ 8, కార్బన్ స్టీల్‌ది. 1890లో ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల్లో పుట్టిన రకం, చెక్క పిడి, ఏ పూతా లేని వట్టి ఇనుము. రెండోది డీ2 అనే పనిముట్ల స్టీలు మీద నల్లటి డీఎల్‌సీ పూత, అంటే వజ్రాన్ని పోలిన కార్బన్. గాలి తోడేసిన గదిలో కార్బన్‌ను పలచటి పొరగా బ్లేడు మీదికి దింపుతారు. మందం రెండు మూడు మైక్రాన్లే, మన తలవెంట్రుకే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. మూడోది బంగారు రంగు టైటానియం నైట్రైడ్, హార్డ్‌వేర్ షాపుల్లో డ్రిల్ బిట్ల మీద కనిపించే పసుపు పూత అదే. నాలుగోది ఆకుపచ్చ సిరామిక్ పూత. రంగులా స్ప్రే కొట్టి ఓవెన్‌లో కాలుస్తారు, 25 మైక్రాన్ల దాకా మందం వస్తుంది.

ఒక్కో చాకుతో అయిదేసి బత్తాయిలు కోశాను. రసం తుడవకుండా మోటారు రూము గూట్లో రాత్రంతా వదిలేశాను. ఖరీదైన వస్తువులను అలా వదిలిపెట్టాలంటే మనసు ఒప్పుకోలేదు, నిద్ర కూడా సరిగా పట్టలేదు.

తెల్లారగానే భూతద్దం పట్టుకుని పరుగెత్తాను. ఓపినెల్ బ్లేడు మీద రసం పారిన దారుల్లో బూడిద రంగు, నీలం, అక్కడక్కడ నెమలి కంఠం రంగు. చుక్క నిలిచిన చోట గుండ్రటి మచ్చ, దాని నడుమ ఆవగింజంత ఎర్ర జంగు. డీఎల్‌సీ నలుపు మాత్రం అమావాస్య రాత్రిలా చెక్కుచెదరలేదు. సంతోషపడుతూ బ్లేడును వెలుగులోకి తిప్పాను. పదును అంచు వెంబడి, దారం మందాన, మూడు ఎర్రటి చుక్కలు. లేజర్‌తో చెక్కిన అక్షరాల గాడుల్లోనూ గోధుమ రంగు.

కారణం తిన్నగానే ఉంది. పూత వేశాకే పదును పెడతారు కాబట్టి అంచు ఎప్పుడూ వట్టిదే. లేజర్ కూడా పూతను చీల్చుకునే లోపలికి పోతుంది. డీ2లో జంగును ఆపే క్రోమియం 12 శాతం దాకా ఉన్నా, కార్బన్ ఒకటిన్నర శాతం ఉండటంతో ఆ క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లలో, అంటే కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో, చిక్కుకుపోతుంది. అందుకే అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. బంగారు రంగు దాని అంచు మీద మచ్చ కూడా లేదు. అందరూ ఆ ఘనత పూతకు ఇస్తారు. నిజానికి అది లోపలున్న స్టెయిన్‌లెస్ స్టీలుది.

తర్వాత గీతల పరీక్ష. ఇసుక అంటుకున్న పాత డ్రిప్ పైపులు కోశాను, వేప కొమ్మల బెరడు గీశాను. ఆకుపచ్చ సిరామిక్ మీద తెల్లటి గాట్లు పడి కింది ఇనుము తొంగిచూసింది. డీఎల్‌సీ మీదా గీతలు కనిపించేసరికి గుండె జారింది. మేనల్లుడి రబ్బరుతో రుద్దితే పోయాయి. అవి పూతలో పడ్డ గీతలు కావు, పూత కంటే మెత్తటి వస్తువు దానికి రాసుకుని వదిలిన మరక. మంచి చాకు పాడైందని కారుచౌకగా అమ్ముకునేవాళ్లు ముందు రబ్బరు తీసుకోవాలి.

సాయంత్రం బావ కొడవళ్లకు సాన పట్టించడానికి కొలిమికి పోతుంటే వెంట నడిచాను. కమ్మరి తాత నల్ల చాకును అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోరు మీద పదును ఆనించి చూశాడు.

"గిది పెయింటా, బిడ్డా?"

"కాదు తాతా, కార్బన్ పూత. స్టీలు కంటే గట్టిది."

"మరి పదును కాడ లేదేంది? జంగు ముందుగాల పట్టేది ఆడనే గద."

నేను రాత్రంతా ఎదురుచూసి కనిపెట్టింది ఆయన చూపుకు ఒక్క నిమిషంలో అందింది. కోతలయ్యాక కొడవలికి ఆముదం రాసి చూరులో చెక్కితే మళ్లీ కోతల దాకా జంగు పట్టేది కాదని చెప్పాడు. ఈ మెట్ట నేలల్లో ఆముదం బాగా పండిన కాలం అది, ఏ ఇంట్లో చూసినా సీసా ఉండేది. ఆముదం చిక్కన, ఇనుమును పట్టుకుని వదలదు.

ఆ రాత్రి జంగు చుక్కలు రుద్ది తీసి, నాలుగు చాకుల అంచులకూ ఆముదం పట్టించాను. మడత బందు దగ్గర మాత్రం వాడలేదు. అక్కడ ఆముదం జిగురై దుమ్మును పట్టేస్తుంది, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. తోలు సంచి కూడా పక్కన పెట్టాను. తోలు చెమ్మను దాచుకుంటుంది, పచ్చితోలును శుద్ధి చేసిన మందుల పులుపు కూడా ఇనుముకు పడదు.

దాచుకోవడానికి కొనేవాళ్లు నన్నడిగితే, స్టెయిన్‌లెస్ మీద డీఎల్‌సీ అంటాను. సిరామిక్ రంగులు చూడ్డానికి బాగుంటాయి కానీ వాడే చాకు మీద నిలవవు. డీ2 మీద నల్ల పూత ఉన్నవాళ్లు మాత్రం నెలకోసారి అంచు చూసుకోవాలి.

మర్నాడు సాగర్ వెళ్లాం. గేట్ల కింద తెల్లటి నురగ, వంతెన దాకా ఎగసే తుంపర. బావ తోటలోనే తెంపిన బత్తాయి తీసి చెయ్యి చాపాడు. నా చెయ్యి జేబులోని ఓపినెల్ మీదికే పోయింది. అంచు ఆముదం తుడిచి ఇచ్చాను. కాయ కోశాక దాన్ని పంచె కొంగుకు తుడిచి మడిచాడు, తిరిగి అడగాలనిపించలేదు. వారం తర్వాత ఫోటో పంపాడు: బ్లేడంతా ఒకే నీలం, జంగు చుక్క ఒక్కటీ లేదు.